మెట్టు అంచున గీయని గీత

మా ఆఫీసు ఉద్యోగుల సంఘం ఏటా ఒక సంచిక వేస్తుంది. రెండేళ్ళ కిందటి సంచికలో నేనొక వ్యాసం రాశాను. పాత ఇంటిని పెద్దగా ఖర్చు లేకుండా కొత్తగా చేసుకోవడం ఎట్లాగో అందులో ఉంది. రెండు పేజీలు, మూడు ఫొటోలు. అది చదివినవాళ్ళు ఇప్పటికీ నన్ను ఆపి సలహాలడుగుతారు. మొన్న క్యాంటీన్ దగ్గర ఒకాయన, "మిగిలిపోయిన రంగులు కలిపితే గోడకు పొక్కులు రావా?" అన్నాడు. నీళ్ళ రంగులో నీళ్ళ రంగే కలపమని, నూనె రంగు చుక్క కూడా పడనివ్వద్దని చెప్పాను. డబ్బాల అడుగున పేరుకున్న గడ్డల్ని పాత పంచెలో వడగట్టాలి. ఇల్లు మొత్తానికి కావలసింది ఒకే పెద్ద డ్రమ్ములో ఒకేసారి కలుపుకోవాలి. సగంలో అయిపోయి మళ్ళీ కలిపితే ఆ రంగు రాదు.

ఇవన్నీ నిజాలే. నేను చేసి చూసినవే. పాత నూలుచీరలు రెండు జోడించి కుడితే కిటికీకి మంచి తెర అవుతుంది. తుప్పు పట్టిన ట్రంకుపెట్టెను గీకి రంగు వేసి, మీద పరుపు ముక్క పరిస్తే ఇద్దరు కూర్చోవచ్చు. నేల ఎంత ఎక్కువ కనబడితే గది అంత పెద్దదిగా అనిపిస్తుంది. ఎవరైనా చేసుకోవచ్చు.

కానీ వ్యాసం చివర్లో ఒక వాక్యం ఉంది. "అడ్డంగా ఉన్న సామాను, గోడల మీది పాత పట్టెలు తీసేశాక, చూపు తగ్గిన మా అక్కకు కూడా ఇంట్లో తిరగడం సులువైంది." ఆ వాక్యం అబద్ధం. రాస్తున్నప్పుడే అబద్ధమని నాకు తెలుసు. ఆ తర్వాత నోటితో చెప్పిన అబద్ధం ఇంకొకటి ఉంది. అది దీనికంటే పెద్దది. రెండూ మా అక్క మీద చెప్పినవే. ఆమె పోయింది. ఆమె తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. అందుకని నేనే రాస్తున్నాను.

మా అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే కుట్టుమిషను వైపు చెయ్యి చూపించేది. చిత్తూరులో మా ఇంటి వసారాలోనే ఆ మిషను ఉండేది. మా వీధిలో ఆమె కుట్టిన రవికె తొడుక్కోని ఆడమనిషి లేదు. నేను చదువుకున్నదీ, నా పెళ్ళి జరిగిందీ ఆ మిషను చప్పుడులోనే.

ఆమె కళ్ళు పోవడం మేమెవరం గమనించలేదు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించేది. గడప మాత్రం తన్నుకునేది. ఎదురుగా ఉన్న చిన్న గుండీ కనబడేది, పక్కనున్న కుర్చీ కనబడేది కాదు. "కండ్లు నెత్తికెక్కినాయా" అని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో. చివరికి తిరుపతిలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, నీటికాసులన్నాడు. చూపు అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుందట. గొట్టంలోంచి చూసినట్టు నడిమి భాగం మాత్రం మిగిలింది. అదీ మసకబారుతోంది.

డాక్టరు చెప్పిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "పోయిన చూపు రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఇంట్లో మెట్లకు, గడపలకు అంచున ఎదురు రంగు వేయించండి. నేల నల్లగా ఉంటే అంచు తెల్లగా, నేల తెల్లగా ఉంటే అంచు ఎర్రగా. తేడా ఉంటేనే ఆమెకు కనబడుతుంది." ఈ రంగుల సంగతి ఆమెకు కాదు, నా వైపు చూసి నాకు చెప్పాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపిన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తిరిగి వచ్చే బస్సులో అక్క నవ్వింది.

"ఇంతేనా? అమ్మ శుక్రవారం శుక్రవారం గడపకు చేసిందే గదరా ఇది. పాపం, ఆమెకు ఫీజు అడగాలని తోచలే."

ఆ మరుసటి రోజే ఎర్రమట్టి కావి నానబెట్టింది. మా వైపు గడపలకు, అరుగులకు కావి పూసి, పక్కన సున్నంతో తెల్లటి పట్టె గీయడం అందరూ చేసేదే. అక్క గడపతో ఆగలేదు. మా ఇంట్లో హాలు నుంచి వంటింట్లోకి పోవాలంటే ఒక మెట్టు దిగాలి. వంటిల్లు తర్వాత కట్టినది కాబట్టి జానెడు లోతుగా ఉంటుంది. నల్ల కడప బండల నేల మీద ఆ మెట్టు అంచు పొడవునా తెలుపు, ఎరుపు, తెలుపు, మూడు పట్టెలు వేలంత వెడల్పున పూసింది. తలుపుల చట్రాలకు పూసింది. నీళ్ళ కుండ పెట్టే దిమ్మెకు పూసింది. గోడలకు నడుమెత్తున, వసారా నుంచి వంటింటి దాకా, అరచేతి వెడల్పున ఒక కావి పట్టె నడిపించింది.

ఆ గోడ పట్టె ఆమె సొంత తెలివి. సున్నంలో జల్లించిన ఇసుక, కొంచెం జిగురు కలిపి ముందు గరుకుగా మెత్తింది. దాని మీద కావి. చెయ్యి ఆ గరుకు మీద ఆనించి నడిచేది. మెట్టుకు మూరెడు ముందు పట్టె ఆగిపోయేది. అక్కడి నుంచి గోడ నునుపు. చేతికి నునుపు తగిలిందంటే కాలు ఆపాలి. కాలికి కూడా గుర్తుగా మెట్టు ముందు ఒక గోనెపట్ట మడిచి వేసింది. ఆ ఏర్పాటుతో ఆమె రెండేళ్ళు ఎవరినీ పిలవకుండా, ఏదీ తన్నుకోకుండా తిరిగింది. పొద్దున్నే టీ ఆమే కాచేది. టీచరుగా పనిచేసే నా భార్య బడికి పోయే తొందరలో ఉంటే కూరగాయలు తరిగి పెట్టేది.

ఇల్లు అందంగా ఉండేదని చెప్పను. గోడల నిండా ఎర్ర పట్టెలు, చేతి తేమకు నల్లబడిన చోట నలుపు. గోనెపట్ట. ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడే, కదపడానికి లేదు. కుర్చీలు గోడకు ఆనుకుని బడిపిల్లల్లాగ వరసగా.

ఒక సాయంత్రం మా ఆఫీసులో నాతో పనిచేసే ఆయన గృహప్రవేశానికి పిలవడానికి వచ్చాడు. తిరుపతిలో ఫ్లాటు కొన్నాడు. గుమ్మంలో నిలబడి చుట్టూ చూశాడు.

"ఏమబ్బా, ఇది ఇల్లా, గుడా? చెప్పులు యాడ ఇడిసేది, టెంకాయ యాడ కొట్టేది?"

లోపలి నుంచి అక్క గొంతు వినబడింది. "కొట్టేదేదో కొట్టి ఒక చిప్ప ఈడ ఇచ్చిపో నాయనా. చట్నీకి పనికొస్తాది."

ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన పోయాక నాకు నవ్వు రాలేదు. తర్వాత రోజు ఆఫీసులో ఎవరో "స్వామీ, ప్రసాదమేది?" అన్నారు. మాట పాకింది. వారం రోజులు నన్ను స్వామీ అనే పిలిచారు. యాభై ఏళ్ళు దాటిన మనిషికి ఇట్లాంటిది పట్టించుకోదగ్గ సంగతేనా అని మీరు అడగవచ్చు. నేను పట్టించుకున్నాను. ఆయన ఫ్లాటుకు పోయి ఆ తెల్లటి గోడలు, ఖాళీ నేల చూసి వచ్చాక ఇంకా పట్టించుకున్నాను.

నేను పనిచేసే కోర్టుకు ఎండాకాలం సెలవులివ్వగానే అక్కను ఐరాల దగ్గర మా చిన్నమ్మ ఊరికి పంపాను. చిన్నమ్మే రమ్మన్నదని చెప్పాను. నిజానికి నేనే ఫోన్ చేసి, పది రోజులు ఉంచుకోమని అడిగాను. అక్క ఇంట్లో ఉంటే ఆ పట్టెల మీద చెయ్యి వెయ్యనివ్వదని నాకు తెలుసు.

ఇసుక కలిపిన సున్నం అంత సులభంగా రాలేదు. లప్పం పలకతో గీకాను. ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. రెండు రోజులు పట్టింది. ముక్కు నిండా ఎర్ర దుమ్ము. నా భార్య బజారు నుంచి వచ్చి, కరోనాకు పెట్టుకున్న మాస్కు తీయకుండానే నిలబడి చూసింది.

"వదిన తడుముకుంటా నడిచేది ఈ గోడనే గదండీ?"

"పది రోజులైతే అలవాటవుతుంది. సర్దుకుంటుంది."

"ఆమెనొక మాట అడిగితిరా?"

"అడిగితే వద్దంటుంది."

నేను లప్పం పెట్టి నున్నగా తీర్చాను. రంగుల దుకాణంలో మిగిలిపోయిన డబ్బాలు తెచ్చి కలిపితే మీగడ రంగు వచ్చింది. గోడలకు, తలుపుల చట్రాలకు, నీళ్ళ దిమ్మెకు అదే కొట్టాను. ఒకే రంగు అయితే చూపు ఎక్కడా ఆగదు, ఇల్లు విశాలంగా కనబడుతుందని ఎక్కడో విన్నాను. నల్ల బండలు ఇంటిని చీకటి చేస్తున్నాయని, వాటి మీద అదే మీగడ రంగు ప్లాస్టిక్ షీటు పరిచాను. మెట్టు అంచు మీదుగా వంచి వంటింటి నేల దాకా ఒకే ముక్క. అతుకు లేకుండా వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. గోనెపట్ట బయట పారేశాను. కుర్చీలు మూడు అటక ఎక్కించాను. కుండ దిమ్మె పక్కకు జరిపాను.

మా ఇల్లు అంత బాగా ఎన్నడూ లేదు. అదీ నిజమే. సాయంత్రం వెలుతురు పడితే హాలు, వంటిల్లు కలిసిపోయి ఒకే పెద్ద గదిలాగ ఉండేది. మధ్యలో మెట్టు ఉన్నట్టే తెలియదు. నాకే ఒకసారి కాలు తూలింది.

అక్కను నేనే పోయి తీసుకొచ్చాను. ఆటో దిగి వసారా ఎక్కి, లోపలికి రాగానే అలవాటుగా చెయ్యి గోడకు ఆనించింది. ఆగిపోయింది. నేను ముందు నడుస్తూ పిలిచాను. రాలేదు. రెండోసారి పిలిస్తే ఒక అడుగు వేసి మళ్ళీ ఆగింది. నాకప్పుడు అర్థం కాలేదు. నునుపు తగిలితే ఆగాలని ఆమె తనకు తాను నేర్పుకుంది కదా. ఇప్పుడు ఇల్లంతా నునుపే.

"నున్నగా ఉండాది" అంది.

"లప్పం పెట్టినాను అక్కా."

"ఏం రంగేసినావు?"

"మీగడ రంగు."

"కింద?"

"కింద కూడా అదే."

"తలుపులు?"

"అన్నీ ఒకటే అక్కా."

ఆమె ముఖం అటూ ఇటూ తిప్పింది. పొగమంచులో నిలబడిన మనిషిలాగ కళ్ళు పెద్దవి చేసింది.

"బాగుంటాది లే, చూసేవాళ్ళకు" అంది. తర్వాత నా భుజం వెతికి పట్టుకుంది. "నువ్వు సర్దినావు గదా. నేను సర్దుకుంటాలే."

ఆ రోజు నుంచి టీ నా భార్య కాయడం మొదలుపెట్టింది. అక్క వసారాలో మంచం మీద కూర్చునేది. స్నానానికి పోవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. మాకు పనులుంటే ఆమె మేము వచ్చేదాకా ఆగేది. మిషను మీద బట్ట కప్పి ఉండేది, దాన్ని కూడా నేను గోడ మూలకు తోశాను. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవడం నేర్చుకోవడానికి ప్రయత్నించింది. మంచం నుంచి హాలు తలుపు దాకా ఏడు, అక్కడి నుంచి మెట్టు దాకా పద్నాలుగు. పెదవులు కదిలేవి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది. అప్పుడు నిలబడిపోయి, "రేయ్ అబ్బోడా, నేను యాడ ఉండానురా?" అని అడిగేది. సొంత ఇంట్లో.

నేను ఆ వ్యాసం రాసింది ఆ రోజుల్లోనే. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. పది అడుగుల దూరంలో నేను కూర్చుని, మా అక్కకు తిరగడం సులువైందని రాశాను.

ఒక రోజు పొద్దున ఆమె నన్ను పిలిచి ఒక్కటే అడిగింది.

"ఏమీ అనను గానీ, ఆ మెట్టు కాడ ఒక గీత పెట్టు నాయనా. కావి వద్దులే. మీ ఇంటామె బళ్ళో సుద్దముక్క ఉంటాది గదా, ఎర్రది. దాంతో అయినా సరే. ఒక్క గీత."

"ఆదివారం పెడతాను" అన్నాను.

ఆదివారం ఎందుకో చెబుతాను. సంచిక వాళ్ళు ఫొటోలడిగారు. ఫోన్లో ఫొటోలు బాగా తీసే ఆయన, అదే టెంకాయ ఎక్కడ కొట్టాలని అడిగిన ఆయన, ఆదివారం వస్తానన్నాడు. ఆ మీగడ రంగు నేల మీద ఎర్ర గీత ఉంటే ఫొటో చెడుతుందని నా భయం. ఫొటోలు అయ్యాక గీద్దామనుకున్నాను. ఆ ఆదివారం ఆయనకు వీలు కాలేదు. వచ్చే ఆదివారం అన్నాడు. అక్క మళ్ళీ అడగలేదు. ఒకసారి అడిగిన పని రెండోసారి అడిగే మనిషి కాదు. రెండో ఆదివారం ఫొటోలు తీశాం. ఆయన నా వీపు తట్టి, "ఇప్పుడు ఇల్లు అంటే ఇల్లబ్బా" అన్నాడు. సుద్దముక్క నా చొక్కా జేబులోనే ఉంది. ఆయనతో పాటు బయటికి పోయి కాఫీ తాగి వచ్చాను. సోమవారం ఆఫీసు.

మంగళవారం పొద్దున అక్క టీ తాగి, గ్లాసు తానే లోపల పెట్టి వస్తానని లేచింది. నా భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను హాల్లో పేపరు చదువుతున్నాను. అక్క నా ముందు నుంచే నడిచింది. పెదవులు కదులుతున్నాయి. నేను పేపరులోంచి తల ఎత్తి, "అక్కా, టీ బాగుందా?" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు. చాలా రోజులుగా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదని గుర్తొచ్చి ఉంటుంది.

"బాగుండాది" అంది. ఇంకో అడుగు వేసింది. ఆ అడుగు గాల్లో పడింది.

తుంటి ఎముక విరిగింది. చప్పుడు నాకు వినబడింది. గ్లాసు దొర్లుకుంటూ పోయి పొయ్యి గట్టు కింద ఆగింది. గ్లాసు అడుగున మిగిలిన టీ, నాలుగైదు చుక్కలు, వంటింటి నేల మీద పడ్డాయి. ఆమె పడ్డాక పడ్డాయి. ఇది నేను కళ్ళారా చూశాను.

పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "ఏమైంది? ఎట్లా పడింది?" అని అందరూ ఒకేసారి అడుగుతున్నారు. నా కళ్ళు ఆ చుక్కల మీదికి పోయాయి. "నీళ్ళు ఒలికినాయి. జారింది" అన్నాను. అంత తొందరగా, అంత సులభంగా వచ్చింది ఆ మాట. ఆస్పత్రిలో ఎముకల డాక్టరుకూ అదే చెప్పాను. ఆయన ఆమె వైపు వంగి, "నేల తడిగా ఉందామ్మా?" అని అడిగాడు. స్ట్రెచరు మీద అక్క కళ్ళు మూసుకుని ఉంది. నేను ఆమె కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను.

"అవును సార్" అంది. "నేనే ఒలకబోసినా. నా తప్పే."

ఆపరేషను చేశారు. నాలుగు నెలలు మంచంలో ఉంది. మళ్ళీ నడవలేదు. నా భార్య సెలవు పెట్టి చూసుకుంది, నేనూ చేశాను. చేసినదాన్ని ఇక్కడ రాసుకోను. వీపు పుండు పడింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది.

సంచిక అచ్చయి వచ్చింది ఆ మధ్యలోనే. నేను దాచిపెట్టాను. అక్క ఎట్లా తెలుసుకుందో, "నీ వ్యాసం వచ్చిందంట గదా, చదువు" అంది. ఆమె మంచం పక్కన కూర్చుని చదివాను. నేను కోర్టులో నకళ్ళ విభాగంలో పనిచేస్తాను. అసలు కాగితం ఒకరు చదువుతుంటే ఇంకొకరు నకలు చూసుకుంటూ పోయి, ఒక్క అక్షరం తేడా లేదని సంతకం పెట్టే పని. ఇరవై ఏడేళ్ళుగా అదే చేస్తున్నాను. చివర్లోని ఆ వాక్యం దగ్గరికి వచ్చాక దాన్ని వదిలేసి కింది వరుసలోకి దూకాను. గొంతు మారకుండా దూకాను.

"బాగా రాసినావు" అంది అక్క. కొంచెం సేపటికి, "మీ కోర్టులో కూడా ఇట్లాగే చదువుతారా?" అంది. నేను గమనించనట్టు, దిండు సరిచేస్తున్నట్టు లేచాను. తమాషాకు అన్నదేమోనని నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె పోయాక, కర్మలన్నీ ముగిశాక నా భార్య చెప్పింది. "మీరు చదవక ముందు రోజే నేను మొత్తం చదివి వినిపించినాను. చివర్లోని ఆ మాట రెండుసార్లు చదివించుకుంది. అబ్బోడు నాకు చదివి వినిపించేటప్పుడు ఆ మాట అంటాడో లేదో చూస్తా అని, మళ్ళీ మిమ్మల్ని చదవమనింది."

నేను ఆ వాక్యం చదివి ఉంటే ఏమని ఉండేదో తెలియదు. చదివి, "ఇది అబద్ధం అక్కా" అని ఉంటే ఏమని ఉండేదో అంతకన్నా తెలియదు. ఆమె దానికోసమే అవకాశం ఇచ్చిందని మాత్రం ఇప్పుడు తెలుసు.

కర్మ రోజున బంధువులంతా మా హాల్లోనే కూర్చున్నారు. ఇల్లు బాగుందని ఇద్దరు ముగ్గురు అన్నారు. మా చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, అందరికీ వినబడేట్టు గట్టిగా అంది. "కండ్లు కానరాని దానికి గ్లాసులతో, నీళ్ళతో ఏం పని? ఒక సోట కూచోమంటే ఇనేదా? మొండిది. ఎవురి మాటా ఇనకనే పోయింది." కొందరు అవునని తలలూపారు. ఎవరో నా చెయ్యి పట్టుకుని, "నువ్వేం చేస్తావు లేబ్బా. నీ వంతు చేసినావు" అన్నారు. నేను ఆ చెయ్యి వదిలించుకోలేదు.

మా అక్క మొండిది కాదు. అడ్డదిడ్డంగా తిరిగే మనిషి కాదు. తన చూపు ఎంత మిగిలిందో కొలుచుకుని, దానికి సరిపడా ఇల్లు తన చేతులతో కట్టుకున్న మనిషి. ఆ ఇంటిని నేను గీకేశాను. ఇప్పుడు మా బంధువుల్లో ఎవరైనా ముసలివాళ్ళు మాట వినకపోతే, "ఆయమ్మ మాదిరి పడి పోవాలనుకున్నావా" అని ఆమెను చూపించి బెదిరిస్తున్నారు. ఆ మాట నా చెవిన పడ్డాక ఇక ఉండలేకపోయాను.

పోయిన నెల చిన్నమ్మ ఊరికి పోయాను. ఆమె వసారాలో కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. నేను కూడా చాట ముందు కూర్చుని, వలుస్తూనే చెప్పాను. పది రోజులు అక్కను ఆమె దగ్గరికి ఎందుకు పంపానో చెప్పాను. పట్టెలు, సుద్దగీత, ఫొటోలు, అన్నీ చెప్పాను. నీళ్ళు ఒలకలేదని, నేల పొడిగా ఉందని చెప్పాను. చిన్నమ్మ వింటూనే వలిచింది. చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

"అయిపాయనా?" అంది.

"అయిపోయింది."

"ఆస్పత్రిలో నేను అడిగినా గదా దాన్ని. చెయ్యి పట్టుకోని అడిగినా. ఎట్లా పడితివే అని. నేనే ఒలకబోసుకున్యా చిన్నమ్మా అనింది. వాడినేమీ అనొద్దు అని కూడా అనింది. సావబోయే మనిషి అబద్ధం చెప్తాదా?"

"చెప్పింది చిన్నమ్మా. నా కోసం చెప్పింది."

"నువ్వు కోర్టులో ఉండేవోడివి. సచ్చినామె మాట నమ్ముతారా, బతికినోడి మాట నమ్ముతారా ఆడ?"

నేను ఇంకో కాయ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే ఎదురింటామె పాలచెంబుతో వచ్చి, నన్ను చూసి, ఎవరని అడిగింది.

"మా అక్క కొడుకు" అంది చిన్నమ్మ. "చిత్తూరులో. నీళ్ళలో జారి పడి పోయింది చూడు, కండ్లు లేనామె, ఆమె తమ్ముడు."

"జారలేదమ్మా" అన్నాను. "నేల తడి లేదు. మెట్టు కనబడకుండా చేసింది నేను."

ఎదురింటామె నా వైపు చూసి, చిన్నమ్మ వైపు చూసింది. చిన్నమ్మ చాటలోని పొట్టు ఊదుతూ, గొంతు తగ్గించి అంది.

"అక్కంటే పానం వానికి. ఇంకా తేరుకోలే."

"అయ్యో పాపం" అని ఆమె నా ముందు చెంబు దించి, పాలు తాగుతానా అని అడిగింది.